పరీక్షలో ఉన్న పరికరం: బిల్లులో ఎవరి వాటా ఎంత?

2007 మే నుంచి 2009 మార్చి వరకు 358 మంది పెద్దవాళ్లు ఒక క్లినికల్ ట్రయల్‌లో చేరారు. అందరిదీ ఒకటే జబ్బు. గుండె నుంచి బృహద్ధమనిలోకి రక్తం వెళ్లే చోట ఉండే కవాటం గట్టిపడి, ఇరుకైపోయింది. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేస్తే తట్టుకోలేరని సర్జన్లు చెప్పేశారు. వాళ్ల సగటు వయసు 83 ఏళ్లు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తొడ దగ్గరి రక్తనాళం గుండా క్యాథెటర్ పంపి కొత్త కవాటం అమర్చారు. రెండో గుంపుకు అప్పటిదాకా వాడుకలో ఉన్న వైద్యమే కొనసాగించారు.

ఏడాది తిరిగేసరికి పాత వైద్యం పొందినవారిలో 50.7 శాతం మంది చనిపోయారు. కొత్త కవాటం అమర్చినవారిలో చనిపోయింది 30.7 శాతం. తేడా 20 శాతం పాయింట్లు. అంటే ఐదుగురికి కవాటం అమరిస్తే, ఏడాది గడిచేలోగా ఒక ప్రాణం అదనంగా నిలిచింది. దీనికి మరో వైపూ ఉంది. మొదటి నెలలో తీవ్రమైన పక్షవాతం పాత వైద్యంలో 1.1 శాతానికి వస్తే, కొత్త కవాటంతో 5 శాతానికి వచ్చింది. మంచీ చెడూ రెండూ అంకెల్లో తేలాక, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011 నవంబరు 2న ఆ కవాటానికి అనుమతి ఇచ్చింది. పార్ట్‌నర్ అన్న పేరుతో జరిగిన ఈ ట్రయల్ గుండె వైద్యం తీరునే మార్చేసింది.

ఈ అంకెలు ఊరికే రావు. పరికరం కాక, ఆసుపత్రి గది, మత్తు డాక్టరు, ఐసీయూ, ఎకో, స్కాన్, రక్త పరీక్షలు, నెలల తరబడి చెకప్‌లు ఉంటాయి. ఇంకా నిరూపణ కాని పరికరం చుట్టూ జరిగే ఈ మామూలు వైద్యానికి డబ్బు ఎవరు కట్టాలి? కంపెనీయా, ప్రభుత్వ బీమానా, రోగా? అమెరికాలో ఈ ప్రశ్నకు సమాధానం కుదరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. బీమా వాటా చాలావరకు తేలింది. రోగి వాటా మాత్రం ఇంకా తేలవలసే ఉంది.

6.8 కోట్ల మంది, రెండు మాటల చట్టం

మెడికేర్ అమెరికా కేంద్ర ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో చట్టమైంది. 65 ఏళ్లు నిండినవారికి, వైకల్యం వల్ల పని చేయలేని కొందరికి, కిడ్నీలు పూర్తిగా చెడినవారికి ఇది వర్తిస్తుంది. ఇప్పుడు ఇందులో ఉన్నవారు సుమారు 6.8 కోట్ల మంది. నడిపే సంస్థ పేరు సీఎంఎస్.

పేస్‌మేకర్, గుండె కవాటం, కృత్రిమ మోకీలు, కంటి లెన్స్ లాంటివి ఎక్కువగా అవసరమయ్యేది ఈ వయసువారికే. కొత్త పరికరం ఏదైనా చివరికి వాళ్ల శరీరంలోకే వెళ్లాలి. కాబట్టి దాన్ని పరీక్షించాల్సిందీ వాళ్ల మీదే. యాభై ఏళ్లవారి మీద పరీక్షించి, ఎనభై ఏళ్లవారికి అమర్చడం ప్రమాదకరమైన ఊహ.

చిక్కు ఎక్కడంటే, ‘సమంజసమైనది, అవసరమైనది’ అయిన వైద్యానికే మెడికేర్ డబ్బు కట్టాలని చట్టం చెబుతుంది. పరీక్షలో ఉన్న పరికరం అవసరమో కాదో తేల్చడానికే కదా ట్రయల్! నిరూపణ అయితేనే డబ్బు వస్తుంది, డబ్బు ఉంటేనే నిరూపణ జరుగుతుంది. ఈ ముడి విప్పడానికే ఇన్ని నిబంధనలు పుట్టాయి.

1976 నుంచి 1995 దాకా: ముడి బిగిసిన కాలం

1976 మే 28న అమెరికాలో వైద్య పరికరాల చట్టం అమల్లోకి వచ్చింది. పరికరాలను ప్రమాదాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీసింది. ఒకటో తరగతిలో బ్యాండేజీ లాంటివి, మూడో తరగతిలో గుండెలో అమర్చే కవాటం లాంటివి ఉంటాయి. ముప్పు ఎక్కువగా ఉండి, అనుమతి రాని పరికరాన్ని మనుషుల మీద పరీక్షించాలంటే ముందుగా ఎఫ్‌డీఏ నుంచి ప్రత్యేక మినహాయింపు తీసుకోవాలి. దీన్ని ఐడీఈ అంటారు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఎఫ్‌డీఏ తన నిర్ణయం చెప్పాలి.

పరీక్షకు అనుమతి ఎవరివ్వాలో తేలింది కానీ, ఖర్చు ఎవరిదో ఆ చట్టం చెప్పలేదు. 1986లో మెడికేర్ తన మార్గదర్శకాల్లో ఒక గీత గీసింది: ఎఫ్‌డీఏ అనుమతి లేని పరికరానికి గానీ, దాన్ని అమర్చడానికి అయ్యే వైద్యానికి గానీ డబ్బు ఇవ్వం. కాగితం మీద గీత స్పష్టంగానే ఉన్నా ఆసుపత్రుల్లో బిల్లులు మరోలా నడిచాయి. గుండెలో అమర్చే డీఫిబ్రిలేటర్ల లాంటివి ట్రయల్‌లో ఉండగానే చాలాచోట్ల మెడికేర్‌కు బిల్లు వెళ్లింది.

1994లో ఇలాంటి బిల్లుల గురించి ప్రభుత్వానికి ఒక ఫిర్యాదు చేరింది. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం నూటికి పైగా ఆసుపత్రులకు సమన్లు పంపింది. ఆ దెబ్బకు పేరున్న ఆసుపత్రులు కూడా పెద్ద వయసు రోగులను పరికరాల ట్రయల్స్‌లో చేర్చుకోవడానికి వెనకాడాయి. తప్పుడు బిల్లులు ఆపాలన్న ఉద్దేశం మంచిదే. దాని మూల్యం మాత్రం ఆ బిల్లులతో ఏ సంబంధమూ లేని రోగుల మీద పడింది. మందులు పని చేయని గుండెజబ్బుతో ఉన్నవారికి చివరి ఆశగా కనిపించే ట్రయల్ తలుపు మూసుకుపోయింది.

దారి 1995లో దొరికింది. ఎఫ్‌డీఏ, మెడికేర్ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరు 19న తుది నిబంధన వెలువడి, నవంబరు 1 నుంచి అమలైంది. పరీక్షలో ఉన్న పరికరాలన్నింటినీ ఒకే గాటన కట్టకుండా రెండు రకాలుగా చూడాలన్నదే అందులోని ప్రధానాంశం.

కేటగిరీ ఎ, కేటగిరీ బి

పరికరం ఏ కేటగిరీకి చెందుతుందో ఐడీఈ ఇచ్చేటప్పుడే ఎఫ్‌డీఏ నిర్ణయిస్తుంది.

కేటగిరీ ఎ అంటే ప్రయోగ దశలో ఉన్నది. ఈ తరహా పరికరం మనిషికి సురక్షితమా, అసలు పని చేస్తుందా అన్న మొదటి ప్రశ్నలకే ఇంకా జవాబు లేదు. మొట్టమొదటిసారి మనుషుల మీద వాడేవి సాధారణంగా ఇందులో పడతాయి.

కేటగిరీ బి అంటే మొదటి ప్రశ్నలకు జవాబు దొరికినది. ఇదే తరహా పరికరానికి ఇప్పటికే అనుమతి ఉండవచ్చు, లేదా తొలి ట్రయల్స్ సమాచారం చాలినంత ఉండవచ్చు. ఇక తేలాల్సింది ఈ నమూనాలో అదనంగా ఉన్న ముప్పు ఎంత, లాభం ఎంత అన్నదే.

డబ్బు లెక్క ఈ తేడా మీదే నడుస్తుంది. బి కేటగిరీలో మెడికేర్ పరికరానికీ, దాని చుట్టూ జరిగే మామూలు వైద్యానికీ డబ్బు ఇస్తుంది. అయితే పరికరానికి ఇచ్చేది, దానితో పోల్చదగిన అనుమతి పొందిన పరికరానికి ఇచ్చేదాన్ని మించదు. ఎ కేటగిరీలో పరికరానికి ఏమీ ఇవ్వదు, మామూలు వైద్యానికి మాత్రం ఇస్తుంది. ఈ రెండో సదుపాయం 1995లో లేదు. 2003 నాటి మెడికేర్ సవరణ చట్టం వల్ల 2005 జనవరి 1 నుంచి మొదలైంది. అప్పుడు కూడా మొదట్లో వెంటనే ప్రాణం తీసే జబ్బులకే పరిమితం చేశారు.

కేటగిరీ శాశ్వతం కాదు. తొలి దశ ఫలితాలు బాగుంటే ఎ నుంచి బి కి మార్చమని కంపెనీ అడగవచ్చు. ఏ ఆధారాలుంటే ఎలా మారుస్తారో వివరిస్తూ ఎఫ్‌డీఏ 2017 డిసెంబరులో మార్గదర్శకం విడుదల చేసింది.

కంపెనీకి కూడా ఒక హద్దు ఉంది. ట్రయల్‌లో ఉన్న పరికరాన్ని లాభానికి అమ్మకూడదు. తయారీ, పరిశోధన, అభివృద్ధి, నిర్వహణ ఖర్చులు రాబట్టుకోవడానికి సరిపడా మాత్రమే ధర పెట్టవచ్చు. ఉచితంగా ఇస్తే, ఆ పరికరం పేరిట ఆసుపత్రి మెడికేర్ నుంచి డబ్బు తీసుకోకూడదు.

మామూలు వైద్యంలో ఏది ఉంటుంది, ఏది ఉండదు

మందులతో సహా అన్ని రకాల ట్రయల్స్ విషయంలో 2000 సంవత్సరం మలుపు. ఆ ఏడాది జూన్ 7న అధ్యక్షుడు బిల్ క్లింటన్, ట్రయల్స్‌లో చేరే రోగుల రొటీన్ ఖర్చులు, అంటే మామూలు వైద్యం ఖర్చులు కట్టాలని మెడికేర్‌ను ఆదేశించారు. సెప్టెంబరు 19 నుంచి జాతీయ విధానం అమలైంది. రొటీన్ ఖర్చు అంటే ఏమిటో నిర్వచించింది అదే. పరికరాల ట్రయల్స్‌లోనూ అదే భావన నడుస్తోంది.

బీమా భరించేవి మూడు రకాలు. మొదటిది, ట్రయల్ లేకపోయినా ఆ రోగికి ఎలాగూ అందే వైద్యం. రెండోది, పరికరం అమర్చడానికీ, దాని ప్రభావాన్ని కనిపెట్టి ఉండడానికీ, చిక్కులు రాకుండా చూడడానికీ కావాల్సిన వైద్యం. మూడోది, చిక్కులు వస్తే వాటికి చేసే చికిత్స.

భరించనివీ మూడు. ఎ కేటగిరీ పరికరం. కంపెనీ సాధారణంగా ఉచితంగా ఇచ్చేవి. చికిత్సకు పనికి రాకుండా కేవలం సమాచార సేకరణకు చేసే పరీక్షలు. మూడోదానికి ఆ విధానమే ఒక ఉదాహరణ ఇస్తుంది: ఒక జబ్బుకు మామూలుగా ఒక్క సీటీ స్కాన్ సరిపోయేచోట, ట్రయల్ కోసం నెలనెలా స్కాన్ తీస్తే, ఆ అదనపు స్కాన్ల ఖర్చు మెడికేర్‌ది కాదు. వాటిని ట్రయల్ నడిపేవారే భరించాలి.

ఈ గీత న్యాయమైనదని నా నమ్మకం. రోగికి మేలు చేసే వైద్యం ప్రజల సొమ్ముతో జరగాలి. కంపెనీ తన దరఖాస్తు కోసం పోగుచేసుకునే సమాచారం కంపెనీ సొమ్ముతో జరగాలి.

10 ప్రమాణాలు, ఒకే కిటికీ

2014 వరకు ఏ ట్రయల్‌కు డబ్బు ఇవ్వాలో ప్రాంతాల వారీగా మెడికేర్ నియమించుకున్న కాంట్రాక్టు సంస్థలు నిర్ణయించేవి. ఒకే ట్రయల్ పది రాష్ట్రాల్లో జరిగితే, ఒకచోట అవునని, ఇంకోచోట కాదని అనే వీలుండేది. 2015 జనవరి 1 నుంచి ఈ నిర్ణయం సీఎంఎస్ కేంద్ర కార్యాలయానికి మారింది. ఎఫ్‌డీఏ అనుమతి పత్రం, ట్రయల్ ప్రణాళిక, ఎథిక్స్ కమిటీ ఆమోదం, ప్రభుత్వ రిజిస్ట్రీ నంబరుతో ట్రయల్ స్పాన్సర్ దరఖాస్తు చేసుకోవాలి. ఆమోదం పొందిన ట్రయల్స్ జాబితా సీఎంఎస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు.

ఆమోదానికి 10 ప్రమాణాలున్నాయి. పరికరం రోగుల ఆరోగ్యాన్ని మెరుగుపరుస్తుందా అన్నది పరీక్షించడమే ప్రధాన లక్ష్యం కావాలి. దానికి శాస్త్రీయ ఆధారం ఉండాలి. ఇప్పటికే తెలిసిన సంగతినే అనవసరంగా మళ్లీ పరీక్షించకూడదు. ప్రశ్నకు సరిపడా రోగుల సంఖ్య, సరైన రూపకల్పన ఉండాలి. నడిపే సంస్థకు పూర్తి చేసే సత్తా ఉండాలి. పాల్గొనేవారి రక్షణ నిబంధనలన్నీ పాటించాలి. కేవలం విషప్రభావం కొలవడానికో, ఆరోగ్యవంతుల మీద జబ్బు తీరు తెలుసుకోవడానికో ఉద్దేశించినది కాకూడదు. బహిరంగ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఫలితాలు ఎప్పుడు, ఎలా ప్రకటిస్తారో ముందే రాయాలి. అనుకూలంగా రాకపోయినా ప్రకటించాల్సిందే.

పదోది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ఈ పరికరం మెడికేర్ రోగుల మీద ఎలా పని చేయవచ్చు, వయసు వల్లా ఇతర జబ్బుల వల్లా వచ్చే తేడాలేమిటి, ఫలితాలు ఆ వయసువారికి వర్తిస్తాయా అన్నది ప్రణాళికలో చర్చించాలి. ప్రజల సొమ్ము అడుగుతున్నప్పుడు, ఆ ప్రజలకు పనికొచ్చే సమాధానం తేవాలన్న షరతు అది.

ఒక ఊహాజనిత బిల్లు

బీమా ఒప్పుకున్నంత మాత్రాన రోగికి ఖర్చు సున్నా కాదు. 2025 నాటి మెడికేర్ రేట్లతో ఒక లెక్క చూద్దాం. ముందు ఒక జాగ్రత్త: మెడికేర్‌లో ఆసుపత్రి చేరికకు పార్ట్ ఎ, డాక్టర్ల ఫీజులకూ బయటి పరీక్షలకూ పార్ట్ బి అని రెండు భాగాలున్నాయి. పరికరాల కేటగిరీ ఎ, కేటగిరీ బి లకు వీటితో ఏ సంబంధమూ లేదు. పేర్లు కలవడం వల్ల చాలామంది పొరబడతారు.

డెబ్బై ఏళ్లు దాటిన ఒక రోగి కేటగిరీ బి పరికరం ట్రయల్‌లో చేరారనుకుందాం. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మెడికేర్ ఆమోదించిన డాక్టర్ల ఫీజులు 3,000 డాలర్లు. అదే ఏడాది చికిత్సకు అవసరమైన ఐదు ఎకో పరీక్షలు, ఒక్కోటి 400 డాలర్లు. ఫీజు, పరీక్షల మొత్తాలు లెక్క కోసం నేను ఊహించినవి. డిడక్టబుల్ (బీమా కట్టడం మొదలయ్యే ముందు రోగి కట్టాల్సిన మొత్తం), శాతాలు అసలైనవి.

ఆసుపత్రి చేరికకు పార్ట్ ఎ డిడక్టబుల్ 1,676 డాలర్లు రోగి కట్టాలి. అరవై రోజుల వరకు గదికి ఇంకేమీ ఉండదు. డాక్టర్ల ఫీజులో మొదట పార్ట్ బి డిడక్టబుల్ 257 డాలర్లు, మిగిలిన 2,743 డాలర్లలో 20 శాతం, అంటే 548.60 డాలర్లు. ఎకోల మొత్తం 2,000 డాలర్లలో 20 శాతం 400 డాలర్లు. అన్నీ కలిపితే 2,881.60 డాలర్లు. డాలరు 85 రూపాయల చొప్పున దాదాపు 2.45 లక్షల రూపాయలు. నెలనెలా కట్టే పార్ట్ బి ప్రీమియం 185 డాలర్లు దీనికి అదనం.

ఒరిజినల్ మెడికేర్‌లో ఈ 20 శాతానికి పై హద్దు లేదు. మెడిగ్యాప్ అనే అనుబంధ బీమా ఉన్నవారికి అది చాలావరకు కడుతుంది. లేనివారు జేబులోంచి తీయాలి. ప్రైవేటు కంపెనీల ద్వారా నడిచే మెడికేర్ అడ్వాంటేజ్‌లో సగానికి పైగా లబ్ధిదారులు ఉన్నారు. అందులో నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో రోగి వాటాకు ఏడాదికి గరిష్ఠ హద్దు ఉంటుంది. 2025లో ఆ హద్దును 9,350 డాలర్ల కంటే ఎక్కువ పెట్టకూడదని ఉండేది. ఆమోదం పొందిన పరికరాల ట్రయల్స్ ఖర్చును ఆ ప్లాన్ కట్టాలి. మందుల ట్రయల్స్‌లో రొటీన్ ఖర్చు మాత్రం ఒరిజినల్ మెడికేర్ నుంచే వస్తుంది. అందుకే ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో కూడా ఈ రెండూ తారుమారు అవుతుంటాయి.

తేలని 20 శాతం

రోగి వాటాను కంపెనీయే కట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అంత తేలిక కాదు. ప్రభుత్వ బీమాలో ఉన్న రోగికి డబ్బు ఇచ్చో, వాటా మాఫీ చేసో వైద్యం వైపు ఆకర్షించడాన్ని అమెరికా చట్టాలు లంచంగా చూస్తాయి. మంచి కారణంతో పెట్టిన నిబంధనే అది. లేకపోతే అనవసర ఆపరేషన్లకు కూడా ఉచితమన్న ఎర వేస్తారు.

ట్రయల్స్‌లో మాత్రం ఆ నిబంధన మరో చోట దెబ్బ తీస్తుంది. 20 శాతం కట్టలేని పేద రోగి ట్రయల్‌కు దూరమవుతాడు. అప్పుడు ఫలితాలు కట్టగలిగినవారి శరీరాల మీద వచ్చినవే అవుతాయి. ఇంకో చిక్కు మరీ సూక్ష్మమైనది. కొన్ని ట్రయల్స్‌లో ఒక గుంపుకు పరికరం పెట్టి, రెండో గుంపుకు పెట్టినట్టు నటించే ప్రక్రియ మాత్రమే చేస్తారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగికి తెలియకూడదు. ఇంటికొచ్చే బిల్లులో పరికరం వాటా కనిపిస్తే గుట్టు రట్టవుతుంది, ట్రయల్ విలువే పోతుంది.

అందుకే కొన్ని కంపెనీలు ముందుగా ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయాన్ని అభిప్రాయం అడిగాయి. 2021 నుంచి ఆ కార్యాలయం ఇలాంటి కొన్ని అభ్యర్థనలకు అనుకూలంగా స్పందించింది. మెడికేర్ ఆమోదం ఉన్న ట్రయల్, ఎథిక్స్ పర్యవేక్షణ, పరిమిత సంఖ్యలో రోగులు ఉన్నప్పుడు స్పాన్సర్ రోగి వాటా కట్టినా చర్య తీసుకోబోమని చెప్పింది. కానీ ఆ అభిప్రాయం అడిగిన కంపెనీకే వర్తిస్తుంది. పక్క కంపెనీ మళ్లీ అడగాలి. ఒక్కో ఉత్తరంతో తేల్చే బదులు, సీఎంఎస్ ఆమోదించిన ట్రయల్స్ అన్నింటికీ వర్తించే ఒక సాధారణ నిబంధన రావాలి. 10 ప్రమాణాల పరీక్ష దాటిన ట్రయల్‌ను ఎరగా అనుమానించడం అర్థం లేని పని.

ప్రజల సొమ్ము ఎందుకు పెట్టాలి?

నిరూపణ కాని వాటికి ప్రభుత్వ డబ్బెందుకు అన్నది సహేతుకమైన ప్రశ్న. జవాబు మరో రెండు ట్రయల్స్ అంకెల్లో ఉంది.

మందులకు లొంగని రక్తపోటుకు కిడ్నీ నరాలను వేడితో మాడ్చే పరికరం ఒకటి వచ్చింది. 2010లో 106 మందితో చేసిన ట్రయల్‌లో, చికిత్స జరిగినవారికి పై రక్తపోటు సగటున 32 పాయింట్లు తగ్గింది. అందరూ అద్భుతం అన్నారు. ఎవరికి చికిత్స జరిగిందో అందరికీ తెలిసిన ట్రయల్ అది. 2014లో 535 మందితో, నటించే ప్రక్రియతో పోలుస్తూ చేస్తే అసలు గుంపులో 14.13, నటించిన గుంపులో 11.74 పాయింట్లు తగ్గింది. తేడా లెక్కలోకి వచ్చేంత లేదు. ఆ తర్వాత పద్ధతి మార్చి, మళ్లీ కఠినంగా పరీక్షించాకే 2023 నవంబరులో ఎఫ్‌డీఏ ఈ తరహా పరికరాలకు అనుమతి ఇచ్చింది. మొదటి ఉత్సాహంలోనే దేశమంతా బిల్లులు కట్టి ఉంటే ఎంత సొమ్ము వృథా అయ్యేదో ఊహించుకోవచ్చు.

రెండోది ఊపిరితిత్తుల ఆపరేషన్. ఇది పరికరం కాకపోయినా పాఠం ఒకటే. 1990లలో, ఉబ్బిపోయిన ఊపిరితిత్తిలో కొంత కోసి తీసే శస్త్రచికిత్స ఊపందుకుంది. మెడికేర్ డబ్బు ఆపి, ట్రయల్‌లో చేరితేనే కడతానంది. 17 కేంద్రాల్లో 1,218 మంది చేరారు. జబ్బు ఒక రకంగా ఉన్నవారిలో ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లో 16 శాతం మంది చనిపోయారని, ఆపరేషన్ చేయని అలాంటి రోగుల్లో ఎవరూ చనిపోలేదని 2001లోనే బయటపడింది. వెంటనే అలాంటివారికి ఆపరేషన్ ఆపేశారు. జబ్బు ఊపిరితిత్తుల పై భాగంలో ఉండి, శ్రమ తట్టుకోలేని మరో గుంపుకు మాత్రం అదే ఆపరేషన్ ఆయుష్షు పెంచిందని 2003లో తేలింది. ఎవరికి చేయాలి, ఎవరికి చేయకూడదు అన్న తెలివి మెడికేర్ కట్టిన డబ్బుతో వచ్చింది.

డబ్బు ఇస్తూనే ఆధారాలు రాబట్టాలన్న ఈ ఆలోచన అనుమతి తర్వాత కూడా కొనసాగుతోంది. క్యాథెటర్ కవాటానికి 2012 మే 1న మెడికేర్ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ప్రతి రోగి వివరాలూ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలని షరతు పెట్టింది.

మెడికెయిడ్, ప్రైవేటు బీమా

పేదలకు రాష్ట్రాలతో కలిసి నడిపే మెడికెయిడ్ చాలాకాలం ఈ విషయంలో రాష్ట్రానికో తీరుగా ఉండేది. 2020 డిసెంబరులో వచ్చిన చట్టం వల్ల 2022 జనవరి 1 నుంచి తీవ్రమైన, ప్రాణాంతక జబ్బుల ట్రయల్స్‌లో రొటీన్ ఖర్చు అన్ని రాష్ట్రాలూ కట్టాలి. కడతామో లేదో 72 గంటల్లో చెప్పాలి. ప్రైవేటు బీమాల్లో ఎక్కువ వాటికి 2014 నుంచే క్యాన్సర్, ప్రాణాంతక జబ్బుల ట్రయల్స్‌కు ఇలాంటి నిబంధన ఉంది. 65 ఏళ్లవారికి 1995లో మొదలైన హక్కు, పేదలందరికీ చేరడానికి మరో 27 ఏళ్లు పట్టింది.

తెలుగు కుటుంబాలకు సంబంధించిన సంగతులు

అమెరికాలో స్థిరపడి తల్లిదండ్రులను తెచ్చుకున్న కుటుంబాలకు ఇది దగ్గరి విషయం. పిల్లలు పౌరులైనంత మాత్రాన తల్లిదండ్రులకు మెడికేర్ రాదు. 65 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుతో వరుసగా ఐదేళ్లు అక్కడ ఉంటే ప్రీమియం కట్టి చేరవచ్చు. అక్కడ పని చేసిన చరిత్ర లేనివారికి 2025లో పార్ట్ ఎ ప్రీమియమే నెలకు 518 డాలర్లు, దానికి పార్ట్ బి 185 డాలర్లు కలిసేది. విజిటర్ వీసా మీద వచ్చినవారికి మెడికేర్ ఉండదు. వాళ్లను ట్రయల్‌లో చేర్చే ముందు ఖర్చు సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

మన దేశంలో పద్ధతి వేరు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలు ముందే ఖరారైన చికిత్సల ప్యాకేజీల ప్రకారం నడుస్తాయి. పరీక్షలో ఉన్న పరికరానికి వాటిలో చోటు లేదు. ఆరోగ్య బీమా పాలసీల్లో నిరూపణ కాని చికిత్సలకు డబ్బు ఇవ్వబోమన్న మినహాయింపు ప్రామాణికంగా ఉంటుంది. భారం స్పాన్సర్ మీదే. పరికరాలకు 2017 మెడికల్ డివైజెస్ రూల్స్, మందులకు 2019 నిబంధనలు ఉన్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం స్పాన్సర్ ఇవ్వాలి. మందుల ట్రయల్‌లో మరణానికి పరిహారం లెక్కగట్టే సూత్రంలో మూల మొత్తం 8 లక్షల రూపాయలు. వయసు, జబ్బు తీవ్రతను బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది.

ఇక్కడ ఒక పోలిక గమనించాలి. హాని జరిగితే స్పాన్సర్ పరిహారం ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం అమెరికాలో లేదు. ఇస్తారో లేదో సమ్మతి పత్రంలో చెప్పాలి, అంతే. చికిత్స ఖర్చు చాలావరకు బీమా చూసుకుంటుంది. మన దగ్గర పరిహారం హక్కు ఉంది, ప్రజా బీమా అండ లేదు. విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లో, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ పార్కులో పరికరాల తయారీ పెరుగుతోంది. తయారైనవాటిని మన రోగుల మీద నిజాయతీగా పరీక్షించాలంటే, రొటీన్ వైద్యం ఖర్చు గురించి మన పథకాలు కూడా ఒక విధానం రాసుకోవాల్సిన సమయం వచ్చింది. స్పాన్సర్ బాధ్యత తగ్గించకుండానే అది చేయవచ్చు. ఆసుపత్రుల్లోని డాక్టర్లు తామే నడిపే ట్రయల్స్‌కు వెనుక పెద్ద కంపెనీ ఉండదు. ప్రజా బీమా అండ ముందు కావాల్సింది వాళ్లకే.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఈ పరికరం ఏ కేటగిరీ? ఈ ట్రయల్ సీఎంఎస్ ఆమోదిత జాబితాలో ఉందా, ఏ తేదీ నుంచి? పరికరం ఉచితమా? ఏయే పరీక్షలు కేవలం పరిశోధన కోసం, వాటి డబ్బు ఎవరిది? డిడక్టబుల్, 20 శాతం కలిపి నా వాటా ఎంతవుతుంది? స్పాన్సర్ అందులో ఏమైనా కడుతుందా? హాని జరిగితే చికిత్స ఎవరి ఖర్చు? స్పాన్సర్ కడతానని రాస్తే ముందు బాధ్యత దానిదే, మెడికేర్ ఆ తర్వాతే. ప్రయాణ ఖర్చు ఇస్తారా? ట్రయల్ మధ్యలో మానుకుంటే అమర్చిన పరికరాన్ని ఎవరు చూస్తారు, బ్యాటరీ అయిపోతే మార్చేదెవరు? అడ్వాంటేజ్ ప్లాన్ ఉంటే ఈ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా?

వీటికి జవాబు డాక్టరు దగ్గర దొరక్కపోవచ్చు. రీసెర్చ్ కోఆర్డినేటర్‌ను, బిల్లింగ్ విభాగాన్ని అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఇన్ని ప్రశ్నలు అడిగే రోగిని ఇబ్బందిగా చూసే ట్రయల్‌లో చేరకపోవడమే మంచిది.

ట్రయల్‌లో చేరే రోగి తన శరీరాన్ని ఇస్తాడు, సమయాన్ని ఇస్తాడు, తెలియని ముప్పును ఒప్పుకుంటాడు. దాని ఫలితం అతనికంటే అతని తర్వాత వచ్చే లక్షల మందికే ఎక్కువ ఉపయోగపడుతుంది. లాభం అందరిదైనప్పుడు ఖర్చు కూడా అందరిదీ కావాలి. బీమా వాటాతో అమెరికా ఆ దారిలో సగం నడిచింది. రోగి చేతి 20 శాతాన్ని కూడా తేల్చి మిగతా సగం నడవాలి. మనం ఆ దారిలో ఇంకా మొదటి అడుగే వేయాలి.